పాట కాదు, పాటు

చిక్కడపల్లిల మెట్ల కింద నా డీటీపీ దుకాణం.
ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడకు పెండ్లికార్డుల నమూనాలు,
పైన అద్దెకున్నోళ్ల బాల్చీ కారితే కీబోర్డు మీద కప్పే పాత చున్నీ.
సముద్రం నేను చూడలే.
హుస్సేన్ సాగర్ చూసిన,
బస్సు కిటికీల నుంచి, ముక్కు మూసుకొని.

అయినా ఏడాదికోసారి దివిసీమ నా బల్ల మీదికొస్తది.
ఇమ్లీబన్ బస్టాండ్ల పార్సిలు విడిపించుకుంట:
ఎరువుల సంచి, వలతాడుతోని వేసిన ముడి.
ఆ ముడి విప్పుడు నాకింకా రాలే,
కోసుడే.
లోపల కాయితాలు, మెత్తగ, నానిన అప్పడాల లెక్క.
"ఉప్పుగాలమ్మా, ఏం చేస్తాం" అంటడు ఫోన్ల ఖాజావలి సాయిబు.
ఎదురుమొండి రేవుల ఫంటు టికెట్లు చింపుతడు,
మిగిలిన టికెట్ల వెనక కథలు రాస్తడు.
టికెట్టుకు మూడు వాక్యాలు.
ఆయన కథలు ఎప్పుడూ
అవతలి ఒడ్డు కనపడంగనె ఆగిపోతయి.

నాంచారయ్య సారుది వేరే తీరు.
డెబ్బై ఏడు ఉప్పెనల ఆయన నోటుబుక్కు కొట్టుకపోయింది,
నూటపన్నెండు పద్యాలు.
అప్పటిసంది అవే మళ్ల రాస్తుండు, యాదికొచ్చినకాడికి.
పోయిన ఏడు యాభై మూడోది వచ్చింది.
కింద చిన్నగ రాసిండు:
"రెండో పాదం నాది కాదేమో, నీళ్లదేమో."
ఆ మాట గూడ టైపు చేసిన.
తీసెయ్యమనలే ఆయన.

ఎలీసమ్మ రొయ్యల చెరువుకాడ రాత్రి కావలి.
టార్చిలైటు పండ్ల మధ్య పట్టుకొని రాస్తదట.
అక్షరాలన్నీ ఒక్క దిక్కే వంగుంటయి,
మడచెట్లు గట్లనే వంగుతయని ఆమెనే చెప్పింది.
ఒకసారి ఒక వాక్యం పంపింది:
"పోటుకు రానోడు పాటుకు వచ్చాడు."
అచ్చుతప్పనుకున్న. కొమ్ము కొట్టేసిన.
పోటుకు రానోడు పాటకు వచ్చాడు.
మస్తు కుదిరిందని నన్ను నేనే మెచ్చుకున్న గూడ.

రాత్రి పదకొండుకు ఫోను. వెనక చెరువు మిషన్ల చప్పుడు.
"అమ్మాయ్, పాట కాదు, పాటు.
పోటు అంటే నీళ్లు రావడం. పాటు అంటే నీళ్లు పోవడం.
మా ఆయన నీళ్లు పోయాక దొరికాడు."

కొమ్ము మళ్ల పెట్టిన.
గా ఒక్క కొమ్ము పెట్టనీకి ఎంతసేపు పట్టిందో
కరెంటు మీటరుకు ఎర్క.

మా గల్లీల నాలుగొందల ఇండ్లు, ఏడు జిరాక్సు దుకాణాలు.
చుట్టూ నీళ్లు, నడుమ నాలుగు దిబ్బలు,
గంత జాగల ఇంతమంది రాస్తరా అని
పైనుంచి వచ్చిన కాయితాలు రెండుసార్లు లెక్కపెట్టుకున్న.

డిసెంబరుల పుస్తకం విడుదల, గానసభ పక్కసందుల చిన్న హాలు.
పదకొండుమంది వచ్చిన్రు, రాత్రంత బస్సుల కూసొని.
నలభై కుర్చీలు. సగం ఖాళీ.
మైకు గీమన్నది.
ఖాజావలి సాయిబు దాన్ని పక్కకు జరిపి
ఏటికి ఆ దరినున్నోళ్లను కేకేసే గొంతుతోని చదివిండు.
చాయ్ బండికాడి ఆటో అన్నలు తలుపుల నిలబడ్డరు.
నాంచారయ్య సారు నడుమల ఆగిండు, పాదం యాదికి రాక.
శానసేపు.
ఒక్కరు గూడ దగ్గలే.

ఎలీసమ్మ నా చేతుల ఎండురొయ్యల పొట్లం పెట్టింది.
"కొమ్ము తీసిందానివి నువ్వేనా" అని నవ్వింది.
ఆ వాసన వారందాక కీబోర్డును వదల్లే.
పెండ్లికార్డుకొచ్చినోళ్లు ఇటు అటు చూసి ఊకున్నరు.

ఈ ఏడు పార్సిలు రాలే. ఏరు పొంగింది, ఫంటు బందు.
వాట్సాపుల ఫొటోలొస్తున్నయి, పేజీకొకటి.
ప్రతి ఫొటో మూలకు ఒక బొటనవేలు,
కాయితం ఎగరకుండ ఒత్తిపట్టుకొని.
గోరు చీలింది ఖాజావలిది. సిరా మరకది సారుది.
కత్తిరించబుద్ధైతలే.

బయట వాన.
మెట్ల కిందికి నీళ్లొచ్చినయి, చీలమండ దాక.
సీపీయూను స్టూలు మీదికెక్కించి
యాభై నాలుగో పద్యం కొడుతున్న.
పోటో, పాటో
ఇంకా తెలుస్తలే.